వంద గ్రాముల వెనుక ఆకలి

2024 ఆగస్టు 7వ తేదీ ఉదయం పారిస్‌లో తూకం యంత్రం 50 కిలోల 100 గ్రాములు చూపించింది. ఆ వంద గ్రాములు వినేశ్ ఫోగట్‌ను ఒలింపిక్ ఫైనల్ నుంచి తప్పించడమే కాక, నిబంధనల ప్రకారం ఆ విభాగంలో చిట్టచివరి స్థానానికి నెట్టివేశాయి. అంతకు ముందు రోజే ఆమె, అంతర్జాతీయ పోటీల్లో 82 కుస్తీలు ఆడి ఒక్కటీ ఓడని జపాన్ క్రీడాకారిణి యుయి సుసాకిని ఓడించి, ఒలింపిక్ ఫైనల్‌కు చేరిన తొలి భారతీయ మహిళా రెజ్లర్‌గా నిలిచింది. దేశం నివ్వెరపోయింది. కుట్ర అన్నవారున్నారు, నిర్లక్ష్యం అన్నవారున్నారు. పార్లమెంటులో ప్రతిపక్షాలు ఆందోళనకు దిగాయి. వంద గ్రాములు ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న చుట్టూనే చర్చంతా నడిచింది.

అడగవలసిన ప్రశ్న అంతకు ముందుది. ఏళ్ల తరబడి 53 కిలోల విభాగంలో పోటీపడిన యువతి ఆగస్టు 6 ఉదయానికి 49.9 కిలోలకు ఎలా దిగివచ్చింది? ఆ రోజు మూడు కుస్తీలు ఆడి, శక్తి కోసం కొద్దిపాటి నీరూ ఆహారమూ తీసుకోగానే ఆమె బరువు 52.7 కిలోలకు చేరిందని భారత బృందం వైద్యాధికారి వెల్లడించారు. అంటే ఆ శరీరం తన సహజ స్థితికి చేరుకోవడానికి కొన్ని గంటలు చాలాయి. ఆ తర్వాత రాత్రంతా నిద్రలేదు, తిండి లేదు, నీళ్లు లేవు. చెమట పట్టించే వ్యాయామాలు చేయించారు. చివరకు జుట్టు కత్తిరించారు, దుస్తులు కురచ చేశారు. తూకం ముగిశాక నిర్జలీకరణతో ఆమె క్రీడాగ్రామంలోని ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఓటమి వార్తగా దేశం చదివింది నిజానికి ఆకలి వార్త.

ఆమె 50 కిలోలకు దిగడం వెనుక స్వేచ్ఛగా చేసిన ఎంపిక అంతగా లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహిళలకు పది బరువు విభాగాలుంటే ఒలింపిక్స్‌లో ఆరే ఉన్నాయి: 50, 53, 57, 62, 68, 76 కిలోలు. ఒక్కో విభాగానికి ఒక దేశం నుంచి ఒక్కరికే అవకాశం. 2023లో వినేశ్ మోకాలికి శస్త్రచికిత్స జరిగి విశ్రాంతిలో ఉండగా, ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిన అంతిమ్ పంఘల్ 53 కిలోల ఒలింపిక్ స్థానాన్ని దేశానికి సంపాదించిపెట్టింది. ఇక మిగిలిన దారి పైకి వెళ్లి 57 కిలోల బలశాలులతో తలపడడం, లేదా శరీరాన్ని 50కి కుదించడం. పోటీ ప్రత్యర్థితో మొదలు కాదు. తోటి భారతీయ యువతితో, ఆ తర్వాత తన ఎముకలతో, కండరాలతో మొదలవుతుంది. తూకం ఆమెకు చేదు అనుభవం కావడం కూడా అదే మొదటిసారి కాదు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మంగోలియాలో జరిగిన అర్హత పోటీలో 48 కిలోల పరిమితిని 400 గ్రాములు మించినందుకు ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. ఎనిమిదేళ్ల వ్యవధిలో అదే క్రీడాకారిణి, అదే తూకం. ఆ మధ్యకాలంలో ఆమె చుట్టూ ఉన్న వ్యవస్థ ఏమి నేర్చుకున్నట్టు?

పారిస్‌లో తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ వారం ముందే కనిపించింది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ విజేత అయింది 52 కిలోల విభాగంలో. పారిస్ ఒలింపిక్స్ జాబితాలో 52 కిలోల విభాగమే లేదు. 50 ఉంది, ఆ తర్వాత 54. ఆమె 50కి దిగి, 2023లో ఆ విభాగంలోనూ ప్రపంచ టైటిల్ సాధించింది. అయితే బాక్సింగ్‌లో పోటీ ఉన్న ప్రతి ఉదయం బరువు తూస్తారు. ఆగస్టు 1న చైనాకు చెందిన వు యు చేతిలో ఓడిన తర్వాత, బరువు అదుపులో ఉంచుకోవడానికి రెండు రోజులుగా అన్నం తినలేదని, నీరు కూడా తాగలేదని, తూకం అయ్యాక కోలుకునేందుకు వ్యవధి దొరకలేదని నిఖత్ చెప్పింది. ఆ మాటలు ఒక రోజు వార్తగా వచ్చి పోయాయి. ఆ తర్వాత 51 కిలోలకు మారిన ఆమె 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది.

గెలిచినప్పుడు ఇదే ఉపవాసం ఘనకార్యంగా మారుతుంది. 2018 సెప్టెంబరులో పోలండ్‌లో 48 కిలోల పోటీకి ముందు మేరీ కోమ్ నాలుగు గంటల్లో రెండు కిలోలు తగ్గిందని, ఏకధాటిగా గంటసేపు తాడాట ఆడిందని పత్రికలు స్ఫూర్తి కథగా రాశాయి. పారిస్‌లో కాంస్య పోరుకు ముందు పురుషుల విభాగంలో అమన్ సెహ్రావత్ పది గంటల్లో 4.6 కిలోలు తగ్గించుకోవడం పట్టుదలకు నిదర్శనమైంది. తగ్గగలిగితే క్రమశిక్షణ, వంద గ్రాములు మిగిలితే నిర్లక్ష్యం. ఒకే పనికి రెండు పేర్లు పెట్టే ఈ తీర్పులో పత్రికల వంతు తక్కువేమీ కాదు.

రోగమా, క్రమశిక్షణా?

ఆహారానికి సంబంధించిన మానసిక రుగ్మతలను భారతదేశంలో చాలాకాలం పాశ్చాత్య సంపన్న కుటుంబాల జబ్బుగానే పరిగణించారు. అద్దంలో చూసుకుని లావుగా ఉన్నానని భ్రమపడి అన్నం మానేసే పట్నపు పిల్ల బొమ్మే అందరి మనసుల్లోనూ ఉంది. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మానసిక వైద్యులు 1995లో ప్రచురించిన ఒక పత్రం మరో సంగతి చెప్పింది. ఆహారం నిరాకరించి బాగా చిక్కిపోయిన అయిదుగురు యువతుల్లో, పాశ్చాత్య గ్రంథాల్లో వర్ణించిన ఆ భ్రమ కనిపించలేదు. ఈ దేశంలో అమ్మాయిలు తిండి మానేయడానికి లావవుతామన్న భయమే కారణం కానక్కరలేదన్న సూచన అందులో ఉంది. క్రీడారంగం దానికి బలమైన సాక్ష్యం. ఇక్కడ అమ్మాయి అద్దాన్ని చూసి భయపడదు. యంత్రం మీద అంకెను చూసి భయపడుతుంది. ఆ భయం భ్రమ కాదు, నిబంధన. అందువల్లనే దానిని జబ్బుగా గుర్తించేవారు ఉండరు.

క్రీడా వైద్యం దానిని గుర్తించి మూడు దశాబ్దాలు దాటింది. అస్తవ్యస్తమైన ఆహారపుటలవాట్లు, నెలసరి నిలిచిపోవడం, ఎముకలు బోలుగా మారడం అనే మూడు లక్షణాలు క్రీడాకారిణుల్లో జంటగా, మూకుమ్మడిగా కనిపిస్తున్నాయని 1992లో అమెరికా వైద్య నిపుణులు నిర్ధారించి ఒకే పేరు కింద చేర్చారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దాని పరిధిని విస్తరించింది. ఖర్చుకు తగిన శక్తి శరీరానికి అందకపోతే హృదయం, జీర్ణవ్యవస్థ, రోగనిరోధక శక్తి, మానసిక స్థితి కూడా దెబ్బతింటాయని ప్రకటించింది.

దీని లెక్క సామాన్య గృహస్థుకు కూడా అర్థమయ్యేదే. తిన్న ఆహారం నుంచి వ్యాయామానికి ఖర్చయినది తీసివేస్తే మిగిలేదే శరీరం తన సొంత పనులకు వాడుకునే శక్తి. కొవ్వును మినహాయించి లెక్కించిన శరీర భారంలో కిలోకు రోజుకు 45 కేలరీలు మిగిలితే ఆరోగ్యం. 30కి దిగువన పడితే ప్రమాదమన్నది స్థూలంగా వాడుకలో ఉన్న కొలమానం. కొవ్వు కాని భారం 40 కిలోలున్న అమ్మాయికి వ్యాయామం పోను 1800 కేలరీలు మిగలాలి. సాధనకే 800 ఖర్చయితే ఆమె రోజుకు 2600 కేలరీలు తినాలి. అందులో సగం మాత్రమే తింటే మిగిలేది 500. గృహిణి భాషలో చెప్పాలంటే, ఇల్లు గడవడానికి సరిపడా జీతం రానప్పుడు ముందుగా ఆగిపోయేది వెంటనే అవసరం లేదనిపించే ఖర్చు. శరీరం అలా ముందుగా ఆపివేసేది సంతానోత్పత్తి వ్యవస్థను. 2003లో అమెరికా శాస్త్రవేత్త ఆన్ లూక్స్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యవంతులైన యువతుల్లో శక్తి ఆ 30 కేలరీల గీతకు దిగువన పడిన అయిదు రోజులకే నెలసరిని నడిపించే హార్మోన్ లయ తప్పింది. అయిదు రోజులంటే ఒక చాంపియన్‌షిప్‌కు ముందరి వారం.

ఎముకల విషయం ఇంకా కఠినం. యుక్తవయసు ముగిసేసరికి స్త్రీల ఎముకల బలంలో అత్యధిక భాగం సమకూరిపోతుంది. 15 నుంచి 20 ఏళ్ల మధ్య కూడబెట్టుకోలేనిది తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం సాధ్యం కాదు. పతకాల వేటలో అమ్మాయిలు బరువు కోసుకునే వయసు సరిగ్గా అదే.

ఇక భారతీయ క్రీడాకారిణి ఈ వేటలోకి దిగేదే లోటుతో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 15-19 ఏళ్ల బాలికల్లో అది 59.1 శాతం. అంతకు ముందరి సర్వేతో పోలిస్తే రెండూ పెరిగాయి. తెలుగు రాష్ట్రాలు దీనికి మినహాయింపు కావు. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంట్లో అందరూ తిన్నాక ఆడవారు తినే ఆచారం ఉన్న దేశంలో, ఏకాదశులూ శనివారాలూ ఒక్కపొద్దులతో గడిచే కుటుంబాల్లో, ఒక అమ్మాయి రాత్రి భోజనం మానేసిందంటే ఎవరూ ఆందోళన చెందరు. భక్తి అనో, పొదుపు అనో, మొండితనమనో అనుకుంటారు. పాశ్చాత్య దేశాల్లో తల్లిదండ్రుల కంట వెంటనే పడే లక్షణం ఇక్కడ ఆచారం చాటున కలిసిపోతుంది.

పతకం ఒక జీవనోపాధి

మానేయమని సలహా ఇవ్వడం సులువు. అయితే బరువు విభాగాల క్రీడల్లోకి వచ్చే అమ్మాయిల్లో అధికులు హర్యానా పల్లెల నుంచి, మణిపూర్ నుంచి, ఉత్తరాంధ్ర గ్రామాల నుంచి వచ్చినవారు. రైల్వేలో, పోలీసు శాఖలో, కేంద్ర బలగాల్లో క్రీడా కోటా ఉద్యోగం వారి కుటుంబాలకు తరాల దారిద్య్రం నుంచి బయటపడే మార్గం. ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైనవారికి ఏటా 5 లక్షల రూపాయల సహాయం, అందులో 1.20 లక్షలు చేతిఖర్చుకు అని ప్రభుత్వం నిర్ణయించింది. ఒలింపిక్ స్వర్ణానికి 6 కోట్లు, రజతానికి 4 కోట్లు, కాంస్యానికి 2.5 కోట్లు హర్యానా ప్రకటించింది. నిఖత్‌కు 2022లో తెలంగాణ ప్రభుత్వం 2 కోట్లిచ్చింది. 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. పారిస్‌లో అనర్హత పొందిన వినేశ్‌కు కూడా రజత విజేతకిచ్చే గౌరవాన్ని ఇస్తామని ప్రకటించిన హర్యానా, 2025లో నగదు, ఇంటిస్థలం, ఉద్యోగం మూడింటిలో ఒకటి కోరుకోమంటే ఆమె 4 కోట్ల నగదు ఎంచుకుంది.

ఈ ప్రోత్సాహకాలను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆడపిల్లను అఖాడాకు పంపడానికి తల్లిదండ్రులను ఒప్పించినవి ఇవే. కానీ ఇంత భారీ బహుమానం ఒక అంకె మీద ఆధారపడినప్పుడు, ఆ అంకెను చేరుకోవడానికి చేసే పని ఎంత హానికరమైనా ఆ కుటుంబానికి హేతుబద్ధంగానే కనిపిస్తుంది. రెండు రోజులు పస్తుంటే ఉద్యోగం వస్తుందనుకుంటే పస్తుండని పేద ఇంటి పిల్ల ఎవరు? తూకం యంత్రం ఆడవారి జీవనోపాధిని శాసించడం క్రీడారంగంతోనే మొదలు కాలేదు. బరువు మించిన ఎయిర్‌హోస్టెస్‌లను విమానమెక్కనివ్వని ఇండియన్ ఎయిర్‌లైన్స్ నిబంధనను 2008లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది.

అయితే బక్కచిక్కడమే గెలుపుకు మార్గమన్నది కూడా నిజం కాదు. దానికి సాక్ష్యం శ్రీకాకుళం జిల్లా నుంచే ఉంది. కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ విజేత అయింది 54 కిలోల విభాగంలో. 2000 సంవత్సరంలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో ప్రవేశించినప్పుడు ఆమె పోటీపడింది 69 కిలోల విభాగంలో. సిడ్నీకి బయలుదేరే ముందు లావెక్కిపోయిందని, పని అయిపోయిందని ఎకసెక్కాలాడినవారున్నారు. ఆమె 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. మేరీ కోమ్ కథ కూడా అటువంటిదే. 45, 46, 48 కిలోల విభాగాల్లో అయిదుసార్లు ప్రపంచ విజేత అయినా, 2012 లండన్ ఒలింపిక్స్‌లో అతి తక్కువ విభాగం 51 కిలోలు కావడంతో ఆమె బరువు పెంచుకుని కాంస్యం గెలుచుకుంది. తిని, బలపడి గెలిచిన ఈ రెండు పతకాలను దేశం ఘనంగానే స్మరించుకుంటుంది. అవి పైవిభాగంలో వచ్చినవన్న సంగతి మాత్రం శిక్షణ శిబిరాల్లో ఎవరూ ఎత్తరు.

బాధ్యత ఎవరిది?

పారిస్ ఘటన జరిగిన రోజే కేంద్ర క్రీడల మంత్రి, వినేశ్ సన్నాహాలకు 70.45 లక్షల రూపాయలు వెచ్చించామని లోక్‌సభకు తెలిపారు. వైద్య బృందంపై విమర్శలు రాగా, రెజ్లింగ్, వెయిట్‌లిఫ్టింగ్, బాక్సింగ్, జూడో క్రీడల్లో బరువు చూసుకునే బాధ్యత క్రీడాకారులదీ వారి కోచ్‌లదేనని, నియమిత వైద్య బృందానిది కాదని భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి.ఉష ప్రకటించారు. ఖర్చుకు లెక్క చెప్పడానికి అందరూ ఉన్నారు. ఆకలికి లెక్క చెప్పవలసి వచ్చేసరికి ఆ అమ్మాయి ఒక్కతే మిగిలింది. తాను పరుగెత్తే రోజుల్లో వసతుల లేమిని ఎదుర్కొన్న ఉష నోటి నుంచే ఆ మాట రావడం మరింత విచారకరం.

క్రీడా వివాదాల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆగస్టు 14న వినేశ్ అప్పీలును తోసిపుచ్చింది. నెలసరికి ముందరి దశలో స్త్రీ శరీరంలో నీరు నిలిచి బరువు కొద్దిగా పెరుగుతుందన్న వాదన ఆమె తరఫున వచ్చింది. నిబంధనలో అటువంటి వెసులుబాటు లేదని, పరిమితి అందరికీ ఒకటేనని ఏకసభ్య న్యాయమూర్తి తేల్చారు. అదే సమయంలో, రెండవ రోజు తూకంలో తప్పితే మొదటి రోజు ఫలితాలు కూడా రద్దు కావడం క్రూరంగానే ఉందని వ్యాఖ్యానించారు. చట్టరీత్యా ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. పురుషుల శరీరాన్ని ఆధారం చేసుకుని పుట్టిన నిబంధనను మార్పులు లేకుండా స్త్రీలకు వర్తింపజేస్తే ఏమవుతుందో మాత్రం అది బయటపెట్టింది.

నెలసరి గురించి మాట్లాడడానికే ఈ దేశపు క్రీడా శిబిరాలు సిద్ధంగా లేవు. పారిస్‌లో ఒక్క కిలో తేడాతో కాంస్యం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచిన మీరాబాయి చాను, అది తన నెలసరి మూడో రోజని పోటీ అనంతరం చెప్పినప్పుడు అదొక సాహసంగా కనిపించింది. వెండి పతక విజేతకే అంత మొహమాటం ఉన్నచోట పదహారేళ్ల పల్లెటూరి పిల్ల, మూడు నెలలుగా తనకు నెలసరి రావడం లేదని ఎవరికి చెప్పుకుంటుంది? 2023లో రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షునిపై లైంగిక వేధింపుల ఆరోపణలతో మహిళా రెజ్లర్లు జంతర్ మంతర్ వద్ద బైఠాయించినప్పుడు, చట్టప్రకారం ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల సంఘమే సమాఖ్యలో లేదని తేలింది. ఇక తిండి సంగతి. 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ స్టేడియంలో కబడ్డీ ఆడవచ్చిన బాలికలకు మరుగుదొడ్డిలో ఉంచిన అన్నం వడ్డించిన దృశ్యాలు బయటపడ్డాయి. ఒక అధికారిని సస్పెండ్ చేయడంతో అది ముగిసింది. క్రీడాకారిణి భోజనాన్ని వ్యవస్థ ఏ స్థానంలో ఉంచిందో చెప్పడానికి వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు.

రెండు రోజుల తూకం నిబంధనను ప్రపంచ రెజ్లింగ్ సమాఖ్య 2018లో ప్రవేశపెట్టింది. తూకానికి ముందు విపరీతంగా బరువు కోసుకుని, ఆ తర్వాత పూడ్చుకునే పద్ధతికి అడ్డుకట్ట వేయడం దాని ఉద్దేశం. ఆచరణలో పస్తుల కాలం ఒక రోజు నుంచి రెండు రోజులకు పెరిగింది. భారత సమాఖ్య ఎంచుకున్న మార్గం శిక్ష. 2025లో జూనియర్ ప్రపంచ పోటీల్లో 600 గ్రాములు బరువు మించిన యువతిని రెండేళ్లపాటు సస్పెండ్ చేసింది. అంతకన్నా సమర్థమైన ప్రేరణ పస్తుకు ఉండబోదు.

మరో మార్గం లేకపోలేదు. 1997 చివరలో అమెరికాలో బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ముగ్గురు కళాశాల రెజ్లర్లు సుమారు నెల రోజుల వ్యవధిలో మరణించారు. కళాశాలల క్రీడా సంఘం మరుసటి ఏడాదే నిబంధనలు మార్చింది. సీజన్ ఆరంభంలోనే ప్రతి క్రీడాకారునికి అతని శరీర నిర్మాణాన్ని బట్టి కనీస బరువు నిర్ణయిస్తారు. ఆ పరీక్ష నాడు శరీరంలో తగినంత నీరు ఉండాలి. వారానికి ఒకటిన్నర శాతం మించి బరువు తగ్గడం కుదరదు. నిర్ణయించిన కనీసానికి దిగువనున్న విభాగంలో అతనిని పోటీకే అనుమతించరు. బాధ్యత పిల్లవాడి మనోనిబ్బరం మీద నుంచి సంస్థ రికార్డుల్లోకి మారింది.

ఇది ఇక్కడ అమలు చేస్తే ముందుగా అభ్యంతరం చెప్పేది కోచ్‌లే. దిగువ విభాగంలో పతకం దొరుకుతుందన్న ఆశ వారిది. పతకాల సంఖ్యను బట్టే నిధులు పొందే సమాఖ్యలదీ అదే బాట. ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. శరీరంలో నీటి శాతం తెలుసుకోవడానికి కావలసింది మూత్రం నమూనా, అరచేతిలో ఇమిడే ఒక చిన్న పరికరం. డోపింగ్ పరీక్షల కోసం మన క్రీడాకారిణుల నుంచి ఆ నమూనాలు ఏటా సేకరిస్తూనే ఉన్నారు.